సోమవారం వీలైతే రా

సహన వేళ్లు చల్లగా ఉన్నాయి. ఛాతీ మీద జెల్లీ రాసి, రబ్బరు బుడ్డల్ని ఒక్కొక్కటే నొక్కి అంటిస్తూ, ఊపిరి మామూలుగా తీసుకోండి మేడమ్, కదలొద్దండి, అని మెల్లగా చెబుతోంది. ఆ మాటలన్నీ పద్మాక్షి నేర్పినవే, ఆ మెల్లదనం కూడా. ఇరవై రెండేళ్లుగా పావగడ బస్సు రోడ్డు మీది ఈ చిన్న నర్సింగ్ హోమ్‌లో, ఇదే గదిలో, ఇదే ఇనుప మంచం పక్కన నిలబడి ఎంతమందికి ఇ.సి.జి. తీసిందో ఆమెకే తెలియదు. తను పడుకోవడం మాత్రం ఇదే మొదటిసారి. పైకప్పు మూలన చెమ్మ మరక ఒకటి ఉంది. నిలబడి పనిచేసేవాళ్ల కంట పడని మరక. ఇన్నాళ్లూ వచ్చినవాళ్లంతా భయంతో దీన్నే చూస్తూ పడుకుని ఉంటారు, ఆమె కూడా దీన్నే చూసి ఉంటుంది, అనుకుంది పద్మాక్షి. ఆమె అంటే ఎవరో మనసులో పలకకుండానే కళ్లు మూసుకుంది. యంత్రం కిరకిరలాడుతూ కాగితాన్ని బయటికి వదిలింది. సహన దాన్ని చించి వెలుతురుకేసి పట్టి చూసింది. ఆ పిల్ల ఒక్క క్షణం ఆగడం కళ్లు మూసుకున్నా తెలిసింది. తర్వాత నవ్వు తెచ్చుకున్న గొంతుతో, "టీ వేవ్ రొంత కిందికి తిరిగినట్టుండాది మేడమ్. ఏం కాదులే, ముట్టు నిలిచినాక ఆడోళ్లకు ఇట్లే వస్తాది కదా, మీరే చెప్తారు," అంది.

మీరే చెప్తారు. అవును, తనే చెబుతుంది. కొత్తగా చేరిన ప్రతి నర్సు పిల్లకూ చెప్పింది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ చివర్న కాగితం మీద చిన్న గుట్టలా లేవాల్సిన గీత, కొందరు ఆడవాళ్లలో లేవదు, చదునుగా ఉంటుంది, ఒక్కోసారి గుంటలా దిగుతుంది, నలభై ఐదు దాటినవాళ్లలో అది మామూలే, కంగారు పడి వాళ్లను కంగారు పెట్టొద్దు, అని. శివరాజు డాక్టరు వచ్చాడు. కళ్లజోడు నుదుటి మీదికి తోసి కాగితాన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకుని చాలాసేపు చూశాడు. ఆయన ఎప్పటిలాగే కన్నడంలో మాట్లాడాడు. పూర్తిగా బాగుందని అనలేను, చెడ్డగా ఉందనీ అనలేను, రక్తం ల్యాబుకు పంపుతున్నాను, సరిగ్గా గంట తర్వాత మళ్లీ తీద్దాం, గీత మారితే తుమకూరు పెద్దాసుపత్రి, మారకపోతే చూద్దాం, అంతవరకు మంచం దిగకు, అన్నాడు. ఒక మాత్ర నమిలించాడు. వై.ఎన్.హొసకోటలో అంగడి మీద కూర్చున్న ఆమె భర్త అనంతపద్మనాభకు తనే ఫోన్ చేశాడు. అప్పుడు గడియారం పదకొండూ పది చూపిస్తోంది. ఈ గంట ఏం చేయాలి. ఇరవై రెండేళ్లలో ఈ గదిలో ఒక గంట ఊరికే ఉన్నది లేదు.

ఊరికే ఉంటే నొప్పి వినబడుతుంది. నొప్పి అని కూడా అనలేము, రొమ్ముల నడుమ ఎవరో అరచెయ్యి ఆనించి ఉంచినట్టు, తియ్యమంటే తియ్యనట్టు. మూడు వారాలుగా ఎడమ దవడ లాగుతోంది. పన్ను అనుకుని లవంగనూనె అద్దుకుంది. మేడ మెట్లెక్కితే ఆయాసం, అది ఒళ్లు పెరగడం వల్ల అనుకుంది. చెమటలు, అవి నాలుగేళ్లనాటి పాత చుట్టాలే, వస్తాయి పోతాయి అనుకుంది. ఇవే మూడూ ఇంకో ఆడమనిషి చెబితే ఏం చేసేదో, నిజంగా ఏం చేసిందో గుర్తుకొచ్చి దవడ బిగించుకుంది. హొసకోటలో నాయన అంగడి వెనక గుమ్మం మీద అమ్మ కూర్చునేది, బెల్లం వాసనలో, గోనెసంచుల నీడలో, పమిట కొంగు నీళ్లలో తడిపి మెడకు చుట్టుకుని. యాభై దాటిన రోజులవి. ఏందమ్మా అంటే, ఏం లేదులే, ఒంట్లో సెగలు, అదే పోతాది అనేది. నాయన గిరాకీలతో మాట్లాడుతూ వెనక్కి తిరిగి చూసేవాడు కాదు. పద్మాక్షి అప్పటికే నర్సు చదువుకు చేరింది, తెల్ల చీర కట్టుకుని సెలవులకు వచ్చి అమ్మ పక్కనే కూర్చుని తలకు నూనె రాయించుకుంది గాని, ఒక్కసారైనా ఆ మెడ మీద వేళ్లు పెట్టి నాడి చూడలేదు. అమ్మకు ఏమీ కాలేదు, డెబ్భై ఐదేళ్లు బతికింది. అదే తప్పయిపోయింది కాబోలు. ఏమీ కానివాళ్లే ఎక్కువమంది. అందరికీ ఏమీ కాదని వాళ్లను చూసే నేర్చుకుంది.

ఇంకా నేర్చుకున్నది ఆ శిబిరంలో. తిరుమణి వైపు ఊళ్లలో సోలార్ ప్లేట్లు పరిచిన రెండేళ్లకు ఆడవాళ్లకు గుండె పరీక్షలని శిబిరం పెట్టారు. యంత్రాన్ని ఒళ్లో పెట్టుకుని జీపులో పోతుంటే దూరాన నేలంతా నీళ్లు నిలిచినట్టు కనిపించింది, దగ్గరికి పోతే కంచె, కంచె లోపల వరసలు వరసలుగా ప్లేట్లు, వాటి కింద ఒకప్పటి శెనక్కాయ చేలు. బడి గదిలో చాప పరచి ఆ రోజు అరవైమంది ఆడవాళ్లకు ఇ.సి.జి. తీసింది. పందొమ్మిదిమందికి గీత అట్లా కిందికి దిగింది. పందొమ్మిదిమందినీ బెంగుళూరు తీసుకుపోయి మళ్లీ పరీక్షలు చేయిస్తే ఒక్కరికీ గుండె రక్తనాళాల్లో అడ్డు లేదన్నారు. డాక్టరు నవ్వాడు. పద్మాక్షి కూడా నవ్వింది, గుండెల మీంచి బరువు దిగినట్టు. ఆ పందొమ్మిదిని పట్టుకుని ఒక నియమం చేసుకుంది. ఇరవయ్యో మనిషి ఎక్కడో ఉంటుందని ఎందుకు అనుకోలేదు. ఆ ఊళ్లల్లో ఆడవాళ్లు అందరూ ఒకటే మాట, ప్లేట్లు వచ్చినాకనే వేడి పెరిగిందమ్మా, ఒళ్లు కాగిపోతాది అని. ముట్టు నిలిచిపోయే ఈడూ, ప్లేట్లు వచ్చిన ఏడూ ఒకటే అయినవాళ్లు చాలామంది. దేనికి దేన్ని తిట్టాలో వాళ్లకు తెలియలేదు. ఆ సెగల నడుమ గుండె సెగ ఒకటి కలిసిపోతే ఎవరు వేరు చేస్తారు. వేరు చేయాల్సింది తనే. జీతం ఇచ్చి పెట్టుకున్నది అందుకే.

హనుమంతమ్మ. ఇక ఆ పేరు పలకక తప్పలేదు. నాలుగేళ్ల కిందట ఒక శనివారం, ఇంచుమించు ఇదే పొద్దు. పొట్టి మనిషి, నల్లగా, నుదుట పచ్చబొట్టు, యాభై లోపే. నిడుగల్లు కొండకింద పుట్టి, గొర్రెల వెంట తిరిగి, తిరుమణి పక్క పల్లెకు కోడలై వచ్చింది. వాళ్ల నాలుగెకరాల్లో మూడున్నర ప్లేట్ల కిందికి పోతే, ఆ ప్లేట్ల కిందే గడ్డి కోసే పనికి కూలీగా పోయేది. తన చేలోనే. ఇదంతా చెమట తుడుచుకుంటూ తనే చెప్పింది, నవ్వుతూ. భర్త దాసప్ప వరండాలో తువ్వాలు భుజాన వేసుకుని కూర్చున్నాడు. "ఈడ మంట మాదిరి ఉండాదమ్మా, దవడ గూడ పీకతాది. గడ్డి కోస్తా ఉంటే కండ్లు తిరిగినాయి," అంది హనుమంతమ్మ. ముట్టు నిలిచిపోయి ఎన్నాళ్లయిందని అడిగితే ఏడాదిన్నర అంది. బుడ్డలు అంటిస్తుండగా పద్మాక్షికే సెగ ఎత్తింది, అవి తనకూ మొదలైన రోజులు, మెడ వెనక నుంచి చెమట కారి రవిక తడిసిపోయింది. హనుమంతమ్మ పడుకునే తల తిప్పి చూసింది. "మా ఊరి ప్లేట్లు ఈడికి గూడ వచ్చినాయా ఏంది, నీకూ చెమటలు పట్టినాయే సిస్టరమ్మా," అంది. ఇద్దరూ నవ్వారు. ఆడవాళ్లు ఆడవాళ్లతో మాత్రమే నవ్వే నవ్వు అది. ఆ నవ్వుతోనే కాగితం చించి చూసింది పద్మాక్షి. మూడు వరసల్లో గీత గుంటలా దిగి ఉంది. ఆ పందొమ్మిది మందిలో దిగినట్టు కాదు. లోతుగా, సూటిగా, రెండు వైపులా సమంగా దిగింది. చూసింది. చూడలేదని ఎవరికైనా చెప్పవచ్చు గాని తనకు తాను చెప్పుకోలేదు. అయినా ఆ క్షణాన ఆ కాగితంలో తన ఒళ్లే కనిపించింది. నాకు ఉన్నవే ఈమెకూ ఉన్నాయి, నేను బాగానే ఉన్నాను, ఈమె కూడా బాగానే ఉంటుంది అనుకుంది.

శివరాజు డాక్టరు ఆ రోజు బెంగుళూరులో ఉన్నాడు, కూతురి నిశ్చితార్థం. కాగితాన్ని ఫోన్లో ఫోటో తీసింది. వాట్సాప్‌లో డాక్టరు పేరు తెరిచింది. బొటనవేలు పంపే గుర్తు మీదే నిలబడింది. వారం కిందట ఒక ముసలమ్మ ఇ.సి.జి. రాత్రి భోజనం వేళ పంపితే, ప్రతి అవ్వ కాగితమూ నాకు పంపితే నువ్వెందుకు పద్మాక్షీ అని ఆయన కసిరాడు, ఫోన్లో ఎవరో నవ్వినట్టు వినబడింది కూడా. ఇప్పుడు మేళం మోగుతుంటుంది, ఆయన పక్కన వియ్యాలవారు ఉంటారు. ఫోటోను పంపకుండానే చెరిపేసింది. అంతే, రెండు క్షణాల పని. తర్వాత హనుమంతమ్మకు టీ తెప్పించింది, మంచం మీదే కాసేపు పడుకోనిచ్చింది, గ్యాసు మాత్రలు ఇచ్చింది. ఏం లేదు, ఈ వయసులో అందరికీ ఉండేదే అని చెప్పింది. వరండాలోకి వచ్చి దాసప్పకు కూడా అదే చెప్పింది. డాక్టరు సోమవారం ఉంటారు, సోమవారం వీలైతే రా, అంది. వీలైతే. ఆ మాట ఎందుకు చేర్చిందో నాలుగేళ్లుగా అర్థం కావడం లేదు. సోమవారం రా అని ఉంటే సరిపోయేది. ఇప్పుడే తుమకూరు పో అని ఉంటే ఇంకా బాగుండేది. పనీపాటలున్న మనిషికి, బస్సుకు అరగంట నడవాల్సిన మనిషికి, వీలైతే అనడమంటే రావద్దనడమే. మర్యాద కోసం అన్నది. మర్యాద ఎవరికి కావాలి.

ఆదివారం తెల్లవారేసరికి హనుమంతమ్మ లేదు. ఆ సంగతి పద్మాక్షికి సోమవారం తెలిసింది, వాళ్ల పల్లె నుంచి ఇంజెక్షన్‌కు వచ్చిన ఒక ముసలాయన మాటల్లో చెబితే. ఆయన చేతికి దూది అదిమి పట్టుకుని ఉన్న వేళ్లు అదిమే ఉండిపోయాయి, చాలులే తల్లీ అని ఆయనే వదిలించుకున్నాడు. మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు ట్రేలోంచి ఆ కాగితం తీసి మడిచి రవికలో దోపుకుంది. ఇంట్లో బీరువాలో పట్టుచీర మడతల్లో పెట్టింది. ఎవరూ అడగలేదు. డాక్టరు అడగలేదు, ఆయనకు అలాంటి మనిషి వచ్చిందనే తెలియదు. ఏడాది తర్వాత ఒక పెళ్లికి ఆ చీర తీస్తే కాగితం జారి పడింది. విప్పి చూస్తే తెల్లగా ఉంది. ఆ రకం కాగితం మీది గీతలు నాళ్లు గడిచేకొద్దీ వెలిసిపోతాయని తనకు తెలుసు, అయినా కిటికీ దగ్గరికి తీసుకుపోయి అటూ ఇటూ తిప్పి చూసింది. పేరు లేదు, తారీఖు లేదు, గీతలు లేవు. అప్పుడు సంతోషించింది. ఒక్క రెప్పపాటు, కానీ సంతోషించింది. ఆ తర్వాతే మంచం మీద కూర్చుని ఏడ్చింది. అనంతపద్మనాభ వచ్చి పెళ్లికి ఆలస్యమవుతుందని అంటే, తలనొప్పి, మీరు పోండి అని పంపేసింది.

గడియారం పదకొండూ ముప్పై ఐదు. వరండాలో చెప్పుల చప్పుడు, ఆగి ఆగి నడిచే నడక. అది ఎవరి నడకో తెలిసి పద్మాక్షి కళ్లు తెరిచింది. దాసప్ప నెలకోసారి రక్తపోటు చూపించుకోవడానికి వస్తాడు, ఆ మనిషికి ఇవాళే రావాలని రాసిపెట్టి ఉంది. భార్య పోయిన నెలకు మొదటిసారి వచ్చినప్పుడు ఒక సంచిలో వేయించిన శెనక్కాయలు తెచ్చాడు, మిగిలిన అరెకరంలో పండినవి. ఆ పొద్దు మా ఆడమనిషిని బాగా చూసుకుంటివమ్మా, టీ కూడా ఇప్పిస్తివి అన్నాడు. వద్దన్నా వినలేదు. అప్పటి నుంచి ప్రతి నెలా, కాయల కాలంలో కాయలు, లేనప్పుడు కందిబేడలు, రెండు సొరకాయలు. చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టి అంకె రాసుకునే ఆ రెండు నిమిషాలూ ఆయన ముఖం చూడకుండా ఉండటం అలవాటు చేసుకుంది. సంచి మాత్రం ఇంటికి తీసుకుపోలేక ఆయాలకు పంచేసేది. ఇప్పుడు సహన వద్దంటున్నా లోపలికి వచ్చి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు. అరవై దాటిన మనిషి, తువ్వాలు రెండు చేతుల్లోనూ నలుపుతూ, ఏందమ్మా నువ్వే పడుకుంటివి, అన్నాడు. మాకు ధైర్యం చెప్పే మనిషివి, నీకేం కాదులే అన్నాడు. నీకేం కాదు. ఆ మాట ఆయన నోట వినేసరికి రొమ్ముల నడుమ అరచెయ్యి ఇంకాస్త బరువెక్కింది. ఇంకో అరగంటలో ఏమవుతుందో తెలియదు. గీత మారవచ్చు, మారిన గీత ఆగిపోవచ్చు. ఆగిపోతే ఈయన వచ్చే నెల కూడా సంచితో వచ్చి, మంచి మనిషి, పోయిందా అని కళ్లు తుడుచుకుంటాడు. అది మాత్రం జరగకూడదు. మిగతావన్నీ జరిగినా ఫరవాలేదు.

"దాసప్పన్నా, నీకొక మాట చెప్పాల," అంది.

"చెప్పు తల్లీ. నిమ్మళంగా చెప్పు."

"హనుమంతక్క వచ్చిన పొద్దు తీసిన కాగితం బాగలేదు. నాకు కనపడింది. డాక్టరుకు పంపల్లనుకుని పంపలేదు. ఏం లేదని చెప్పి మిమ్మల్ని ఇంటికి పంపించేసినాను."

దాసప్ప చేతుల్లో తువ్వాలు ఆగింది. బాగలేదా, అని అడిగాడు. బాగలేదు అంది. నీకు తెలిసే అంటివా, అన్నాడు. తెలిసింది గాని నమ్మలేదు, నాకు మాదిరే ఆమెకూ అనుకున్నాను, అంది. ఆ కాగితం తనే తీసి దాచిన సంగతి కూడా చెప్పింది. చెబుతుంటే తేలికవుతుందేమో అనుకుంది, ఏమీ కాలేదు. ఆయన కిటికీకేసి చూస్తూ కూర్చున్నాడు. బయట బస్సు కండక్టరు మధుగిరి, మధుగిరి అని అరుస్తున్నాడు. బస్సు కదిలి పోయింది.

"ఆ తెల్లారుజామున నన్ను లేపిందమ్మా," అన్నాడు చివరికి. "మల్లా నొస్తాంది, ఆటో పిలుస్తావా అనింది. సిస్టరమ్మ ఏం లేదని చెప్పె కదా, పండుకోమే అన్నాను. పండుకుంది. నేను లేచేతలికి ఒళ్లు చల్లబడి ఉండె."

పద్మాక్షికి ఇది తెలియదు. నాలుగేళ్లలో ఒక్కసారీ అడగలేదు, అడగకుండా అంకెలు రాసుకుంది. దాసప్ప గొంతు పెంచకుండా, తనకు తానే చెప్పుకున్నట్టు చెబుతూ పోయాడు. వాళ్లకు సవిత ఒక్కతే కూతురు, హిందూపురంలో ఇచ్చారు. మట్టి వేసి వచ్చిన రోజు, మనసు ఆగక, ఆ మాట కూతురికి తనే చెప్పాడు. మీ అమ్మ లేపితే నేనే పండుకోమన్నాను తల్లీ, అని. ఆ పిల్ల ఏడుపు ఆపేసి ఆయన ముఖంలోకి చూసింది. పదకొండో రోజు కాగానే బిడ్డను ఎత్తుకుని బస్సెక్కింది. అంతే. తర్వాత ఇటు రాలేదు, ఫోన్ చేస్తే ఎత్తదు, మనవరాలికి ఇప్పుడు ఆరేళ్లు, ఎట్లుంటుందో చూడలేదు. నిజం చెప్పిన మనిషికి కూతురు లేకుండా పోయింది. దాచుకున్న తనకు నెలనెలా శెనక్కాయలు. పద్మాక్షి పైకప్పుకేసి చూసింది, మరక కనిపించలేదు, కళ్లలో నీళ్లు. ఇన్నాళ్లూ ఆయనది కృతజ్ఞత అనుకుని బాధపడింది. అది కూడా తప్పే, ఆయన మనసు ఎలా ఉందో తనే ఊహించుకుని నిర్ణయించేసింది, హనుమంతమ్మ ఒంటిని నిర్ణయించినట్టే.

"నీ మొగం చూస్తే, నీ తప్పేం లేదులే దాసప్పా అని ఎప్పుడన్నా ఒకసారి అంటావేమోనని వచ్చేవాణ్ణి," అన్నాడు. "అడిగేదానికి నోరు రాలేదు. నాలుగేండ్లు ఒక్కణ్ణే మోసినానమ్మా. నువ్వు ముందే చెప్పింటే సగం మోసేదానివి."

లేచాడు. స్టూలును గోడవారగా, మొదట ఎక్కడుందో అక్కడే పెట్టాడు. తలుపు దాటుతూ వెనక్కి చూడలేదు. రక్తపోటు కూడా చూపించుకోలేదు, సహన పిలుస్తున్నా ఆగలేదు. ఆగి ఆగి నడిచే ఆ నడక వరండా చివరిదాకా వినిపించి ఆగిపోయింది.

సగం మోసేదానివి. తిట్టి ఉంటే బాగుండేది. తప్పు చేసిన ఆ రెండు క్షణాల గురించే నాలుగేళ్లు కుమిలింది గాని, ఆ తర్వాతి రోజుల గురించి కుమలలేదు. ఫోటో పంపకపోవడం రెండు క్షణాలు. చెప్పకపోవడం నాలుగేళ్లు. దాసప్ప చేతికి పట్టీ చుట్టిన ప్రతి నెలా ఒక అవకాశం. పన్నెండు నెలలు, అలా నాలుగేళ్లు, ఎన్నిసార్లు ఆ మనిషి స్టూలు మీద కూర్చుని ఈమె ముఖంలోకి చూస్తూ ఒక్క మాట కోసం కాచుకున్నాడో. అప్పుడు హిందూపురానికి పోయి ఉంటే ఆ పిల్ల బిడ్డకు రెండేళ్లు, తాత ఒడి మరిచిపోయి ఉండేది కాదు. హిందూపురం ఎంత దూరం, పొద్దున పోతే మధ్యాహ్నానికి తిరిగి రావచ్చు. అక్కడి చీరల కోసం పోయింది కూడా, మూడుసార్లో నాలుగుసార్లో. ఆ వీధుల్లో ఎక్కడో సవిత ఉందని తెలియకుండా చీరలు బేరం చేసింది. చెమట పట్టింది. ఇది సెగ కాదు, సెగ వేడిగా ఎత్తుతుంది, ఇది చల్లగా ఉంది, నుదుటి మీద, అరచేతుల్లో. దవడ లాగుడు ఎడమ భుజంలోకి దిగింది. అరచెయ్యిలా ఉన్నది మోకాలయింది. ఇంకా గంట కాలేదు, పన్నెండుకు ఐదు నిమిషాలుంది. ఓర్చుకుందాం, అందరినీ కంగారు పెట్టడమెందుకు అనుకుంది. ఆ వెంటనే, అలా అనుకుంటున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"సహనా, ఇప్పుడే తియ్యి," అంది. "నాకు బాగలేదు. డాక్టర్ని పిలువు."

ఆ పిల్ల డాక్టరును కేకేసి, మళ్లీ బుడ్డలు అంటించింది. కాగితం బయటికి వస్తుండగానే పద్మాక్షి తల ఎత్తి చూసింది. ఇందాక గుంటలా ఉన్న చోట ఇప్పుడు గీత బండరాయిలా పైకి లేచి ఉంది, గుండెపోటు గీత. శివరాజు డాక్టరు పరుగెత్తుకుంటూ వచ్చాడు, చూశాడు. అంబులెన్స్, అన్నాడు. ఇంకో నాలుగు మాత్రలు, చేతికి సూది, ముక్కుకు గొట్టం. అనంతపద్మనాభ ఇంకా దారిలోనే ఉన్నాడు, నేరుగా తుమకూరు రమ్మని చెప్పారు. సార్, అని డాక్టరు చేతిని పట్టుకుంది పద్మాక్షి. నాలుగేళ్ల కిందట మీరు నిశ్చితార్థానికి పోయినప్పుడు హనుమంతమ్మ అని ఒకామె వచ్చింది, ఆమె కాగితం నేను మీకు పంపలేదు, అంది. ఆయన ఆ గడబిడలో సగమే విన్నాడు. ఇప్పుడు మాట్లాడొద్దు అన్నాడు. అయినా ఆయన ముఖంలో ఏదో ఆగడం ఆమె చూసింది. సహనను వెంట పొమ్మన్నాడు. మంచాన్ని తోసుకుంటూ వరండా దాటించారు. ఎండ ఒక్కసారిగా ముఖం మీద పడింది.

దాసప్ప పోలేదు. గేటు పక్కన నిలబడి ఉన్నాడు. అంబులెన్సు లోపలికి ఎక్కించి తలుపు వేయబోతుంటే వచ్చి తలుపు మీద చెయ్యి పెట్టాడు. డ్రైవరు జరుగు పెద్దాయనా అన్నాడు. ఆయన జరగలేదు. కళ్లు ఎర్రగా ఉన్నాయి గాని గొంతు గట్టిగానే ఉంది.

"నువ్వు బతికి రావాల," అన్నాడు. "వచ్చి మా సవితకు నీ నోటితో చెప్పాల. నేను చెప్తే నమ్మదు."

"నంబరు ఇయ్యన్నా," అంది పద్మాక్షి. "ఇప్పుడే చెప్తాను."

ఆయన జేబులోంచి చిన్న ఫోన్ తీశాడు. అంకెలు చదవడానికి కళ్లు ఆనక సహన చేతికే ఇచ్చాడు. ఆ పిల్ల తన ఫోన్లోకి ఎక్కించుకుని ఆయనది తిరిగి ఇచ్చేసింది. తలుపు మూసుకుంది. సైరన్ కూత మొదలైంది. పావగడ దాటి మధుగిరి రోడ్డు ఎక్కేదాకా సహన ఫోన్ ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది. డాక్టరు మాట్లాడొద్దన్నారు మేడమ్, తుమకూరు చేరినాక చేద్దాం, ఇప్పుడు గుండెకు శ్రమ, అని బతిమాలింది. చేరకపోతే, అంది పద్మాక్షి. సహన నంబరు నొక్కి ఫోన్‌ను ఆమె చెవి దగ్గర పట్టుకుంది. తెలియని నంబరు కాబట్టి ఎత్తకపోవచ్చు. ఐదుసార్లు మోగింది. ఆరోసారికి ఒక ఆడగొంతు, ఎవరు, అంది. హనుమంతమ్మ గొంతులానే ఉంది, కాకపోతే నవ్వు లేదు.

పద్మాక్షి ఊపిరి కూడదీసుకుంది. తను ఎవరో, ఎక్కడి నర్సో చెప్పింది. ఆ శనివారం చెప్పింది. గీత చెప్పింది, ఫోటో చెప్పింది, వీలైతే అన్న మాట చెప్పింది. మధ్యలో మాట ఆగిపోతే సహన గొట్టం సరిచేసింది. ఫోన్ పెట్టేసిందేమో అనుకుంది, కానీ అటు ఎక్కడో కుక్కరు ఈల వేయడం వినిపించింది, సవిత అక్కడే నిలబడి ఉంది.

"ఆ పొద్దు మీ నాయన అనింది ఆయన మాట కాదమ్మా," అంది పద్మాక్షి. "నా మాట. నేను చెప్పిందే ఆయన అన్నాడు."

కుక్కరు ఇంకోసారి ఈల వేసింది. ఎవరూ దించలేదు. బండి మలుపు తిరిగింది, సహన ఒక చేత్తో మంచం అంచునూ ఒక చేత్తో ఫోన్‌నూ పట్టుకుంది. పద్మాక్షికి ఛాతీలోని బరువు తగ్గలేదు, పెరగలేదు. తిడుతుందని కాచుకుంది. తిట్టినా వినాలని ఫోన్‌కు చెవి ఆనించి పెట్టుకుంది.

"మా నాయన యాడున్నాడు?" అంది సవిత.

"ఆస్పత్రి గేటు కాడ నిలబడి ఉండెనమ్మా. ఇంకా ఆడనే ఉండాడో, పోయినాడో నాకు తెల్దు."